ఆటల అంగడిలో కొన్నవాని సాక్ష్యము

సంతలో ఎద్దును కొనువాడు దాని పండ్లు చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. దాని యజమాని యెవ్వడో, ఏల అమ్ముచున్నాడో విచారించును. చీర కొను ఇల్లాలు నేతను వెలుతురునకు పట్టి చూచును. ఆవకాయకు కాయలు కొనువారు ముక్క కోసి నోట వేసికొనక బేరము ముగింపరు. కన్ను, చేయి, నాలుక పరీక్షింపగల వస్తువుల విషయమున కొనువాడు నిస్సహాయుడు కాడు. కాని కొన్ని వస్తువులు గలవు. వానిని కొని అనుభవించిననేగాని వాని గుణము తెలియదు. పుస్తకము అట్టిది, నాటకము అట్టిది, కంప్యూటరుపై ఆడు ఆట అట్టిది. ఇట్టివానిని కొనబోవువానికి దిక్కు ఒక్కటే: తనకంటె ముందు కొన్నవాని మాట.

ఆ మాటకు ఇటీవలి నలువది సంవత్సరములలో ఒక చరిత్ర యేర్పడినది. దానిని చదువరుల ముందుంచుటయే మా ఉద్దేశము. ఆటల అంగడిని గూర్చి గంభీరముగా వ్రాయనేల యని కొందఱు నవ్వవచ్చును. ఆట యనగానే జూదము తలపునకు వచ్చు దినములివి. పందెము కాచి సొమ్ము పోగొట్టుకొను ఆన్‌లైన్ ఆటలను మన పార్లమెంటు 2025 ఆగస్టులో శాసనము చేసి నిషేధించినది. మేము వ్రాయబోవునది వానిని గూర్చి కాదు. కథలు, చిక్కుముడులు, కల్పితలోకములు గల వినోదపు ఆటలను గూర్చి. మన పిల్లలు వానిని కొనుచున్నారు; మన సొమ్ము వానికై వ్యయమగుచున్నది. అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. పేరు లేని సామాన్యుడు తన అనుభవమును నలుగురి యెదుట చెప్పుట, బలవంతులు దానిని ఆపజూచుట, ఆ చెప్పువాడే ఒక్కొక్కప్పుడు తన స్వేచ్ఛను దుర్వినియోగము చేయుట — సంఘ జీవనమునందలి యీ పెద్ద ప్రశ్నలన్నియు ఈ చిన్న అంగడిలో స్పష్టముగా కానవచ్చుచున్నవి.

కొన్నవాని మాటకు చోటు లేని కాలమెట్లుండెనో ముందు చూతము. 1980 ప్రాంతమున అమెరికాలో అటారీ సంస్థవారు టెలివిజనుకు తగిలించి ఆడుకొను యంత్రములను అమ్ముచుండిరి. ఆట ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టెలో నుండెడిది. దానిని కార్ట్రిడ్జి యనిరి. పెట్టెపై మనోహరమైన చిత్రము. లోపల నేమున్నదో యింటికి తెచ్చి యంత్రమున పెట్టినగాని తెలియదు. 1982లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇ.టి.’ చలనచిత్రమును జనులు విరగబడి చూచుచుండగా, అటారీవారు ఆ పేరిట ఒక ఆటను క్రిస్మసు పండుగకు అమ్మదలచిరి. హోవర్డ్ స్కాట్ వార్షా అను రూపకర్తకు దానిని నిర్మించుటకు దొరకిన గడువు సుమారు ఐదు వారములు మాత్రమే. పేరునుబట్టి అనేకులు కొనిరి. ఆటలోని బొమ్మ మాటిమాటికి గోతులలో పడును. పైకి వచ్చి మరల పడును. కొన్న తల్లిదండ్రుల అసంతృప్తియు, విసిగిన పిల్లల కన్నీరును ప్రక్కయింటివరకు పోయెనేమో గాని, మఱియొక ఊరిలో అదే పెట్టెను చేత బట్టుకొని యోచించుచున్న తల్లికి చేరు మార్గము లేకపోయెను.

ఫలితము చరిత్రకెక్కినది. 1983లో అటారీవారు అమ్ముడుపోని సరకును న్యూ మెక్సికో రాష్ట్రమునందలి అలమొగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో పాతిపెట్టించిరి. చాలకాలము కట్టుకథయని తలంపబడిన యీ సంగతి, 2014 ఏప్రిల్‌లో త్రవ్వి చూడగా నిజమని తేలినది. అమెరికాలో ఇంటి ఆటల వ్యాపారము 1983లో సుమారు 320 కోట్ల డాలర్లుండి 1985 నాటికి 10 కోట్లకు దిగజారినదని అంచనా. దీనికి ఒక్క ఆటయే కారణమనుట తొందరపాటు. చేతనైనవారును కానివారును ఆటలు చేసి అంగళ్లను నింపుట, ఇంటి కంప్యూటర్లు చౌకయగుట మొదలగునవియు కారణములే. కాని ఒక్క సత్యము మాత్రము నిలిచినది. మంచిచెడ్డలను ఎఱుగు మార్గము లేనపుడు కొనువాడు చెడ్డదానిని మాత్రమే మానడు. అంగడికి పోవుటయే మానును. అప్పుడు మంచిదానిని చేసినవాడును చెడును.

ఈ పతనమునకు పిమ్మట నమ్మకమును తిరిగి నిలుపుటకు రెండు మార్గములు ప్రబలినవి. మొదటిది అమ్మువాని ముద్ర. జపాను దేశపు నింటెండో సంస్థవారు 1985లో అమెరికాలో తమ యంత్రమును అమ్మ మొదలిడి, తమ అనుమతి లేని ఆట దానిపై ఆడకుండునట్లు ఒక చిప్పును అమర్చిరి. అనుమతించిన ఆటల పెట్టెలపై నాణ్యపు ముద్ర వేసిరి. ఇది కొంత మేలు చేసెను. కాని ముద్ర వేయువాడును లాభము పొందువాడును ఒక్కడే. రెండవది విమర్శకుని కలము. అమెరికాలో 1981లో ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ అను పత్రిక వెలసెను. జపానులో 1986లో పుట్టిన ‘ఫామిత్సు’ పత్రికలో నలుగురు విమర్శకులు తలకు పదేసి మార్కుల చొప్పున నలువదింటికి లెక్క కట్టు పద్ధతి ప్రసిద్ధి కెక్కెను. విమర్శకుడు చదువుకున్నవాడు, పోల్చి చెప్పగలవాడు. వాని ఉపకారమును మేము తక్కువ చేయము. అయినను వానికి ఆట ఉచితముగా వచ్చును. వాని పత్రికకు ప్రకటనల సొమ్ము ఆ ఆటలు చేయువారినుండియే వచ్చును. వానికి ఒక్క యంత్రము, కొలది దినముల గడువు. స్వంత సొమ్ము పెట్టినవాని నొప్పి వానికి లేదు.

మూడవ మార్గము కొన్నవాని నోటినే తెఱచుట. ఇంటర్నెట్ వచ్చిన పిమ్మట అనేక అంగళ్లు దీనిని ప్రయత్నించినవి. ఆటల విషయమున దీనికి విశాలమైన రంగస్థలమైనది స్టీమ్ అను అంగడి. గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్‌టన్ అను ఇద్దఱు మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగమును విడిచి 1996లో వాల్వ్ అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 2003 సెప్టెంబరు 12న స్టీమ్‌ను ప్రారంభించినది. మొదట తమ ఆటలకు సవరణలు పంపుటకే యేర్పడిన యీ యేర్పాటు 2005 నుండి ఇతరుల ఆటలను గూడ అమ్మసాగెను. తొలిదినములలో ఏ యాటను అమ్మవలయునో సంస్థవారే యెంచెడివారు. 2012లో ‘గ్రీన్‌లైట్’ అను పేర కొత్త ఆటలను సభ్యుల వోటుకు పెట్టిరి. 2017లో దానిని మూసి, ఒక్కొక్క ఆటకు 100 డాలర్లు చెల్లించి కొన్ని పరీక్షలకు లోబడిన వారెవ్వరైనను తమ ఆటను అమ్ముకొనవచ్చునని తలుపులు తెఱచిరి. 2024లో ఒక్క సంవత్సరమునందే 18,000కు పైగా ఆటలు అచ్చటికి వచ్చినవి. ఇంత సరకును ఏ విమర్శకుడు ఆడి చూడగలడు? ఏ పత్రిక తూచగలదు?

కావుననే 2013 నవంబరులో ఆ యంగడివారు ప్రవేశపెట్టిన యేర్పాటు మిక్కిలి విలువగలది. ఆటను పొందినవాడు తన అభిప్రాయమును వ్రాయవచ్చును. మార్కులు లేవు, నక్షత్రములు లేవు. ఇతరులకు సిఫారసు చేయుదువా, చేయవా యను ఒక్క ప్రశ్నకే ఉత్తరము చెప్పవలెను. ఆ ఉత్తరమునకు కారణమును తన మాటలలో వ్రాయవలెను. వ్రాసినవాడు ఆ యాటను ఎన్ని గంటలు ఆడెనో ఆ మాట ప్రక్కనే లెక్క కనబడును. చదివినవారు ఆ వ్రాత తమకు ఉపయోగపడినదో లేదో తెలుపవచ్చును. సిఫారసు చేసినవారు నూటికి ఇంతమందియని లెక్కించి, దానినిబట్టి ‘మిశ్రమము’, ‘చాల అనుకూలము’ అనునట్టి యొక మాటను ఆట పేరు క్రింద వ్రాయుదురు. ఈ యేర్పాటులో మాకు ముఖ్యముగా తోచినది గంటల లెక్క. న్యాయస్థానమున సాక్షిని మొదట అడుగు ప్రశ్న, “నీవు అచ్చట నుంటివా?” అని కదా! ఆ ప్రశ్నకు ఇచ్చట సాక్షి నోరు విప్పకమునుపే జవాబు దొరకుచున్నది. ఇరువది నిమిషములాడి తిట్టినవాని మాటకును, రెండువందల గంటలాడి దోషము చూపినవాని మాటకును గల భేదమును చదువరియే తెలిసికొనవచ్చును.

ఇక నీ మాట యేమి సాధించెనో చూతము. 2015 జూను ఆరంభమున ఆ యంగడివారు మఱియొక నియమమును ప్రకటించిరి: కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు మించి ఆడనియెడల, ఆటను తిరిగి యిచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చును. ఆ నెలలోనే, 23వ తేదీన, వార్నర్ బ్రదర్స్ వారి ‘బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్’ అను పేరుమోసిన ఆట వెలువడెను. ఖరీదైన కంప్యూటర్లపై గూడ అది ఆగియాగి నడచెను; బొమ్మలు కుదుపులతో కదలెను. కొన్నవారు కొన్ని గంటలలోనే తమ యంత్రము ఎట్టిదో, ఆట ఎచ్చట ఆగినదో వివరముగా వ్రాసిరి. చదివినవారు కొనుట మానిరి. కొన్నవారు తిరిగి యిచ్చిరి. రెండు దినములు గడవకముందే ప్రకాశకులు కంప్యూటరు ప్రతుల అమ్మకమును నిలిపివేసిరి. అక్టోబరు చివర సవరించి మరల అమ్మిరి. అప్పటికిని లోపములు తీరలేదని జనులు మొఱపెట్టగా, కోరినవారికెల్ల సొమ్ము తిరిగి యిత్తుమనిరి. 1982 నాటి తల్లికిని 2015 నాటి కొనుగోలుదారునకును గల భేదమిది. ఆమె దుఃఖము ఇంటనే అణగెను. ఇతని మాట, తిరిగి యిచ్చు హక్కుతో జతపడి, పెద్ద సంస్థచేత సరకును వెనుకకు తీయించెను. మాట ఒక్కటే చాలదనియు, హక్కుతో కూడిన మాటకే బలమనియు దీనివలన తెలియుచున్నది.

మఱుసటి సంవత్సరపు సంగతి యింకను బోధప్రదము. ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణమున హలో గేమ్స్ అను చిన్న సంస్థ గలదు. వారు 2016 ఆగస్టులో ‘నో మ్యాన్స్ స్కై’ అను ఆటను వెలువరించిరి. అందు గణితసూత్రములచే పుట్టు గ్రహముల సంఖ్య 18 అంకెకు ప్రక్క 18 సున్నలు పెట్టినదానికంటె మించును. ముందుగా వచ్చిన మాటలును దృశ్యములును విని జనులు ఆకాశమంత ఆశ పెట్టుకొనిరి. తీరా ఆడి చూడగా, చెప్పినవానిలో కొన్ని లేవు. ఒకేచోటికి చేరిన ఇద్దఱు ఆటగాండ్రు ఒకరికొకరు కనబడనే లేదు. కొన్నవారు వేలకొలది ప్రతికూలముగా వ్రాసిరి. బ్రిటనులోని ప్రకటనల ప్రమాణ సంస్థ విచారించి, స్టీమ్‌లోని ప్రకటన మోసపుచ్చునది కాదని ఆ నవంబరులో తీర్మానించినది. కాని అధికారుల తీర్పు వేఱు, కొన్నవారి తీర్పు వేఱు. ఆ సంస్థవారు తీర్పు చేతికి వచ్చినదని ఊరకుండలేదు, వాదులాటకును దిగలేదు. తలవంచుకొని పని చేసిరి. ఆ నవంబరు మొదలు క్రొత్త భాగములను ఒక్క పైకము అడుగక చేర్చుచు వచ్చిరి. 2018 జూలైలో అనేకులు కలిసి ఆడు వసతిని సంపూర్ణముగా కల్పించిరి. తిట్టినవారు మరల ఆడి తమ మాటను మార్చుకొనిరి, క్రొత్తవారు మెచ్చుకొనిరి. ఎనిమిది సంవత్సరముల పిమ్మట, 2024 చివర, ఆ యాట పేరు క్రింద మొత్తము లెక్కలో ‘చాల అనుకూలము’ అను మాట వచ్చి చేరెను.

ఈ కథలో గమనింపదగిన మెలకువ యొకటి గలదు. పాత పత్రికలో విమర్శకుడు ఒకసారి వ్రాసినది శిలాశాసనము. ఆట మారినను వ్రాత మారదు. ఇచ్చట, 2016 మేలో అంగడివారు మొత్తపు లెక్కను ఒకచోటను, గడచిన ముప్పది దినముల లెక్కను వేఱొకచోటను చూపసాగిరి. తప్పు చేసినవాని గతము చెరిగిపోదు. వాని వర్తమానమును మఱుగుపడదు. సంస్కరణము కోరు సంఘములకు దీనికంటె మంచి నియమము మాకు కానరాదు.

కొన్నవాని మాటకు బలము గలుగుటతోనే దానిని అణచు ప్రయత్నములును బయలుదేఱినవి. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున డిజిటల్ హోమిసైడ్ అను చిన్న సంస్థ గలదు. అనేకములైన చౌకబారు ఆటలను అమ్మి నిందల పాలైనది. ఆ సంస్థ యజమాని 2016 సెప్టెంబరులో నూరుగురు స్టీమ్ సభ్యులపై, వారి పేళ్లైనను తెలియకయే, 180 లక్షల డాలర్ల నష్టపరిహారము కోరుచు వ్యాజ్యము వేసెను. వారిలో నిజముగా దూషించినవారును ఉండిరేమో. కాని సరకును గూర్చి మాటాడినందులకు కోర్టుకు రావలయునన్న భయము పుట్టినచో, రేపు ఎవ్వడు నోరు విప్పును? అంగడివారు వెంటనే ఆ సంస్థ ఆటలనన్నిటిని తొలగించిరి. కొన్నవారిపై శత్రుత్వము వహించువానితో తమకు వ్యాపారము పొసగదనిరి. వ్యాజ్యమును కొలది దినములకే ఉపసంహరింపబడెను.

భయపెట్టుట యొక దారి. పొగడ్తను కొనుట మఱియొక దారి. ఆట చేసినవారు ఉచితముగా పంచిపెట్టు సంకేతాక్షరములతో ఆటను పొంది, మెప్పు వ్రాసి పోవువారు బయలుదేఱగా, 2016 సెప్టెంబరునుండి అట్టివారి వ్రాతలను లెక్కలో చేర్చుట మానిరి. దీనివలన నిజాయితీపరులును కొంత నష్టపడిరి. ఆట పుట్టకముందే చందా యిచ్చి ప్రోత్సహించినవారికి అట్టి సంకేతములే వచ్చును గనుక, వారి మాటకును లెక్కలో చోటు పోయెను. కలుపు తీయునపుడు పైరు కొంత నలుగుట తప్పదు గాబోలు. 2018 ఫిబ్రవరిలో ఇన్సెల్ గేమ్స్ అను సంస్థ అధిపతి, ఉద్యోగులందఱును తమ ఆటను కొని అభిప్రాయము వ్రాయవలయునని పంపిన లేఖ బయటపడినది. వాల్వ్ వారు విచారించి ఆ సంస్థ ఆటలను తీసివేసిరి. శాసనకర్తలును మెల్లగా మేల్కొనిరి. అమెరికాలో 2016 డిసెంబరులో వచ్చిన చట్టము, కొన్నవాడు తన అభిప్రాయమును చెప్పరాదని ఒప్పందములలో వ్రాయు షరతులను చెల్లకుండ చేసెను. 2024లో అచ్చటి వ్యాపార సంఘము కల్పిత అభిప్రాయములను, వాని క్రయవిక్రయములను నిషేధించు నియమమును చేసినది.

ఇంతవరకు కొన్నవాని పక్షమున వ్రాసితిమి. న్యాయము తప్పక చూడవలసిన రెండవ వైపును గలదు. 2016లో వెలువడిన ‘ఫైర్‌వాచ్’ అను ఆట అడవిలో నిప్పు కావలి కాయు ఒకానొకని కథ, అనేకులు మెచ్చినది. 2017 సెప్టెంబరులో, వీడియోలలో ప్రసిద్ధుడైన ఆటగాడొకడు వేఱొక ఆట ఆడుచు జాతిని కించపఱచు నీచమైన మాటను పలికెను. ‘ఫైర్‌వాచ్’ చేసినవారు అట్టివాడు తమ ఆటను చూపి సంపాదింపరాదని, వాని వీడియోను తీసివేయ గోరిరి. అంతట వాని అభిమానులు గుంపుగా వచ్చి ఆ యాటను దూషించుచు వ్రాసిరి. ఆట నిన్న యెట్లుండెనో నేడును అట్లే యున్నది. మారినది జనుల కోపము మాత్రమే. ఇట్టి దాడికి ఆటగాండ్రు ‘రివ్యూ బాంబింగ్’ అని పేరు పెట్టిరి. ఇద్దఱు ముగ్గురు కూడి సంవత్సరములు శ్రమించి చేసిన ఆటపై ఇట్టి గుంపు పడినచో వారి జీవనమే చెడును.

అప్పుడు అంగడివారి ముందు రెండు దారులుండెను. కోపము చల్లారువరకు వ్రాతలను నిలిపివేయుట యొకటి. వారు దానిని ఆలోచించి, సభ్యుల మాటను ఆపుట తమకు ఇష్టము లేదని విడిచిరి. వారు పట్టిన దారి వేఱు: ప్రతి ఆటకును, మొదటి దినమునుండి నేటివరకు అనుకూల ప్రతికూలములెట్లు వచ్చినవో చూపు రేఖాపటమును అందఱి యెదుట పెట్టిరి. ఒక్క వారమున గీత పాతాళమునకు దిగినచో, ఆ వారమున ఏమి జరిగినదో చదువరియే విచారించును. 2019 మార్చిలో మఱియొక అడుగు వేసిరి. అసాధారణముగా వ్రాతలు వచ్చిపడిన కాలమును యంత్రము గుర్తించును, మనుష్యులు పరీక్షింతురు, అవి ఆటకు సంబంధించినవి కానియెడల ఆ కాలపు వ్రాతలను లెక్కనుండి తప్పింతురు. వ్రాతలు మాత్రము చెరుపబడవు. అన్నియు కలిసిన లెక్కయే కావలయునన్నవానికి అదియు దొరకును. కాని యిచ్చట నొక చిక్కు గలదు. ఆటకు వేసిన నకలు తాళములును, కొన్న పిమ్మట మార్చబడిన ఒప్పందపు షరతులును ఆటలో భాగము కావనియు, వానిపై వచ్చు ఫిర్యాదులు విషయమునకు వెలుపలివనియు వారు అప్పుడు నిర్ణయించిరి. ఈ నిర్ణయమును మేము సమ్మతింపజాలము. ఏలయన, అయిదేండ్లకే దానికి పరీక్ష వచ్చినది.

2024 ఫిబ్రవరిలో స్వీడను దేశపు యారోహెడ్ సంస్థ నిర్మింపగా సోనీవారు ప్రకటించిన ‘హెల్‌డైవర్స్ 2’ అను ఆట లక్షలాది జనులను ఆకర్షించినది. ఆడువారు సోనీవారి ఖాతాను గూడ తెఱవవలయునను షరతు మొదటనే వ్రాయబడినను, సాంకేతికమైన యిబ్బందులవలన దానిని అమలుజరుపలేదు. మే నెల 3వ తేదీన, ఇక మీదట దానిని నిర్బంధము చేయుదుమని సోనీవారు ప్రకటించిరి. కాని ఆ ఖాతాలు లభింపని దేశములెన్నియో గలవు. ఆ దేశములవారు సొమ్ము చెల్లించి కొనియున్న ఆట రేపటినుండి ఆడరానిదగును! రెండు మూడు దినములలో రెండులక్షలకు మించిన ప్రతికూలములైన వ్రాతలు వచ్చినవి. తమ దేశమున ఖాతా దొరకునట్టివారును, దొరకనివారి పక్షమున వ్రాసిరి. మూడు దినములు తిరుగకమునుపే సోనీవారు ఆ నిర్బంధమును ఉపసంహరించుకొనిరి. పిదప అనేకులు తమ వ్రాతలను అనుకూలముగా దిద్దుకొనిరి. ‘ఫైర్‌వాచ్’ మీద పడినదియు గుంపే. ఇచ్చట కూడినదియు గుంపే. గీతను మాత్రము చూచువానికి రెండును ఒక్కతీరుగనే తోచును.

అయిన భేదమెచ్చట నున్నది? ‘ఫైర్‌వాచ్’ను తిట్టినవారు ఆటను గూర్చి ఏమియు చెప్పలేదు, తమ కోపమునకు ఆటను వేదికగా చేసికొనిరి. ‘హెల్‌డైవర్స్’ను గూర్చి వ్రాసినవారు తాము కొన్న వస్తువునకు జరుగబోవు హానినే చెప్పిరి. మొదటివారు శిక్షకులు, రెండవవారు సాక్షులు. కావున కొన్నవారి మాట విలువ దాని సంఖ్యలో లేదు, దాని తీవ్రతలోను లేదు. అది ఎంతవరకు సాక్ష్యమో అంతవరకే దాని విలువ. నేను కొంటిని, ఇంతసేపు ఆడితిని, నాకిది కనబడినది యను మాట ఒక్కటియైనను బంగారము. వినికిడి కోపముతో పలికిన లక్ష మాటలు పొట్టు. మా వ్యాసమునకు సారమిదియే.

ఈ యేర్పాటునకు మఱికొన్ని లోపములును గలవు. హాస్యము కొఱకు ఒక్క ముక్క వ్రాసి చప్పట్లు కొట్టించుకొనువారు అనేకులు. నిజమైన వివరము వ్రాసినవాడు వారి క్రింద పూడిపోవును. 2024 ఆగస్టులో అంగడివారు అట్టి వేడుక వ్రాతలను క్రిందికి దింపి ఉపయోగకరములైనవానిని ముందునకు తెచ్చు ఏర్పాటు చేయవలసివచ్చెను. ఎక్కువగా మెచ్చినవాడును ఎక్కువగా నొచ్చినవాడును వ్రాయును. సామాన్యముగా తృప్తిపడినవాడు ఊరకుండును. గంటల లెక్కయు సంపూర్ణమైన ప్రమాణము కాదు; యంత్రమును నడువనిచ్చి నిద్రపోయినవానికిని గంటలు పెరుగును. అన్నిటికంటె ముఖ్యము: ఆట బాగుగా నడచునా, సొమ్మునకు తగినదా యని యీ వ్రాతలు చెప్పును గాని, పండ్రెండేండ్ల బాలికకు అది తగునా, అందలి హింస ఎట్టిది యను ప్రశ్నకు అవి తరచుగా జవాబు చెప్పవు. ఏలయన వ్రాయువారు తమ ఈడువారికై వ్రాయుదురు, తల్లిదండ్రులకై వ్రాయరు.

ఈ చరిత్ర మన యిండ్లకు దూరమైనది కాదు. 2015 నవంబరునుండి స్టీమ్‌లో రూపాయలలో వెలలు వచ్చినవి. హైదరాబాదులోను విజయవాడలోను బాలురు పండుగ పైకముతో అచ్చట కొనుచున్నారు. ఆన్‌లైన్ అభిప్రాయములను సేకరించి ప్రకటించు విధానమునకై మన దేశమున 2022 నవంబరులో ‘ఐ.ఎస్. 19000’ అను ప్రమాణము ప్రకటింపబడినది. సొమ్మిచ్చి వ్రాయించిన అభిప్రాయములు పనికిరావని అది చెప్పుచున్నది. కాని ప్రకటించునాటికి దానిని పాటించుట వ్యాపారుల యిష్టమునకే విడువబడినది. చట్టము సహాయము చేయునుగాక. చదువు మాత్రము మనదే. పిల్లవాడు ఆట కావలెనన్నపుడు వలదని కసరుటకంటె, సరే యని సొమ్మిచ్చుటకంటె, వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ వ్రాతలను కలిసి చదువుట మేలు. ఇతడెన్ని గంటలాడెను? మెచ్చినవాడు ఏమి మెచ్చెను? ప్రతికూలముగా వ్రాసినవారిలో నలుగురు ఒక్క దోషమునే చెప్పుచున్నారా? గీత ఎచ్చట పడినది, ఏల పడినది? ఈ ప్రశ్నలు నేర్చిన పిల్లవాడు రేపు వార్తాపత్రికను, ఎన్నికల వాగ్దానమును, మందుల ప్రకటనను గూడ అదే కన్నుతో చదువును.

మఱియొక మాట. వానికి ఆట నచ్చినను నచ్చకున్నను, తన అనుభవమును నాలుగు వాక్యములలో వ్రాయుమని ప్రోత్సహింపవలెను. 2025 ఆగస్టునుండి స్టీమ్‌వారు అధికముగా అభిప్రాయములు వచ్చిన ఆటలకు భాషలవారీగా లెక్కలు చూపుచున్నారు. ఏ భాషవాడు వ్రాసిన, ఆ భాషవానికి మేలు. తెలుగున నిట్టి సాక్ష్యము కానవచ్చుట అరుదు. వ్రాయునపుడు నేర్పవలసినది అలంకారము కాదు, నిజము: చూచినదే చెప్పుట, చూడనిదానిని చెప్పకుండుట, తప్పు దిద్దబడినపుడు తన మాటను దిద్దుకొనుట. తాను కొన్నదానిని గూర్చి దాపరికము లేక, అతిశయోక్తి లేక చెప్పువాడు, తాను ఎన్నడును చూడని ఒకానొక యింటి తల్లికి సొమ్ము మిగిల్చినవాడగును. మంచి పని చేసిన శిల్పికి కూలి దొరకునట్లు చేసినవాడగును. అలమొగోర్డో దిబ్బలో పూడిపోయినవి ఆటలే కావు. చెప్పుటకు చోటు లేక కొన్నవారి మాటలును వానితోనే పూడినవి. నేడు చోటు దొరకినది. దానిని సాక్ష్యముతో నింపుదుమా, కేకలతో నింపుదుమా యనునది మన పెంపకము మీద ఆధారపడియున్నది.